పలక మనది.. పత్రం పరాయిది

వాణిజ్య ఒప్పందాల వేళ మార్కాపురం రాతి పరిశ్రమ ముందున్న అసలు చిక్కులు

మార్కాపురం: విదేశాలతో వాణిజ్య ఒప్పందాలు వరుసగా కుదురుతున్నాయి. 2025 జులై 24న బ్రిటన్‌తో సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందంపై భారత్ సంతకం చేసింది. 2026 జనవరి 27న ఐరోపా సమాఖ్యతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు ముగిసినట్లు ప్రకటన వెలువడింది. వస్త్రాలకు ఎంత లాభం, తోలు వస్తువులకు ఎంత, రొయ్యలకు ఎంత అన్న లెక్కలు విరివిగా వచ్చాయి. ఆ లెక్కల్లో పెద్దగా ప్రస్తావనకు రాని సరుకు ఒకటి పశ్చిమ ప్రకాశంలో ఉంది. అది మార్కాపురం పలక.

సుంకాలు తగ్గితే పలకల ఎగుమతి ఊపందుకుంటుందన్న ఆశ సహజమే. అయితే ఈ ఆశను కొంత తగ్గించుకోక తప్పదు. రాతి పలకలపై ఐరోపా దేశాలు వసూలు చేసే సుంకం మొదటి నుంచీ నామమాత్రమే. అది పూర్తిగా రద్దయినా కొనుగోలుదారుకు మిగిలేది స్వల్పం. ఇక్కడి సరుకుకు అడ్డు నిలుస్తున్నవి వేరే ఉన్నాయి. నాణ్యతను నిరూపించే పరీక్షా పత్రం, బాకీకి భరోసా ఇచ్చే ఒప్పంద పత్రం, కార్మికుని ఊపిరితిత్తులకు పూచీపడే తనిఖీ పత్రం. ఈ మూడింటిలో ఏది లోపించినా మార్కాపురం నుంచి బయలుదేరిన కంటైనర్ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగిన సరుకు భారం చివరికి క్వారీలో రాయి చీల్చే కూలీ మీదా, అప్పు తెచ్చి కటింగ్ యంత్రం పెట్టుకున్న చిన్న యజమాని మీదా పడుతుంది.

బలపం నుంచి బంగళా దాకా

ఈ రాయికి మన ప్రాంతంతో ఉన్న బంధం భూగర్భ శాస్త్ర గ్రంథాల్లోనే నమోదై ఉంది. కడప రాతి శ్రేణిలో నల్లమల సముదాయానికి చెందిన పలకరాతి పొరలను శాస్త్రజ్ఞులు కంభం పేరుతోనే పిలుస్తారు. పురాతనమైన బంకమట్టి భూమి పొరల ఒత్తిడికి గురై రాయిగా మారి, ఒకే దిశలో పలుచని రేకులుగా విడివడే గుణం సంతరించుకుంది. సుత్తి, ఉలి పట్టిన మనిషి సరైన చోట దెబ్బ వేస్తే చాలు, పుస్తకం తెరిచినట్లు రాయి విచ్చుకుంటుంది. ఈ గుణమే మార్కాపురాన్ని తెలుగునాట ప్రతి బడికీ పరిచయం చేసింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఇటు వచ్చి చేరాయి. అంతకుముందు నుంచే చెక్క చట్రం బిగించిన రాతి పలక ఇక్కడి గుర్తింపు.

తరువాత రేకు పలకలు వచ్చాయి. ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. నోటు పుస్తకం చౌకైంది. అక్షరాభ్యాసం నాడు తప్ప రాతి పలకను పట్టే పిల్లలు అరుదైపోయారు. పరిశ్రమ నిలబడింది వేరే దారిన. ఇళ్ల గోడలకు అతికించే డిజైన్ పలకలు, నేలకు పరిచేవి, పైకప్పుకు కప్పేవి తయారు చేసి విదేశాలకు పంపడం మొదలైంది. బడి పిల్లవాడు పోయి బంగళా యజమాని కొనుగోలుదారయ్యాడు. మారింది కొనుగోలుదారు ఒక్కరే కాదు. ఊరి బజారులో నోటి మాట మీద సాగే అమ్మకం పోయి, ముక్కూ మొహం తెలియని పరదేశితో పత్రాల మీద సాగే వ్యాపారం వచ్చింది. రాయిని చీల్చే నేర్పు తరతరాలుగా అబ్బింది గాని, పత్రం రాసే నేర్పు అలా అబ్బేది కాదు.

చట్టం దృష్టిలో ఈ రాయి ఎన్ని వేషాలు వేస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అంతర్జాతీయ సరుకుల వర్గీకరణలో గని నుంచి తీసి స్థూలంగా కోసిన పలకరాయి 25వ అధ్యాయంలో 2514 కింద వస్తుంది. అదే రాయిని చెక్కి, నునుపు చేసి గోడకో కప్పుకో సిద్ధం చేస్తే 68వ అధ్యాయంలో 6803 అవుతుంది. చట్రం బిగించి రాసుకునే పలకగా మారిస్తే 96వ అధ్యాయంలో 9610. ఒకే క్వారీ, ఒకే రాయి, మూడు అధ్యాయాలు. బడి పలకకు 2017 నుంచీ జీఎస్టీ లేదు. గోడ పలక పన్ను పరిధిలో ఉంది. షిప్పింగ్ బిల్లులో అంకె తప్పు పడితే కస్టమ్స్ ప్రశ్నలు మొదలవుతాయి.

గనుల చట్టంలోనూ ఇదే తంతు నడిచింది. భవన నిర్మాణానికి వాడితే పలకరాయి చిన్నతరహా ఖనిజం. ఇతర అవసరాలకైతే ప్రధాన ఖనిజం. రాయి నేలలో ఉన్నపుడు అది ఇంటి గోడకు పోతుందో పిల్లవాడి సంచిలోకి పోతుందో ఎవరు చెప్పగలరు? 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలో చేర్చినపుడు పలకరాయి కూడా అందులో చేరడంతో ఈ గందరగోళం తీరింది. అప్పటి నుంచి లీజులైనా సీనరేజి అయినా రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని వ్యవహారమే.

అమెరికా సుంకం నేర్పిన పాఠం

సుంకం అంటే ఏమిటో, అది ఎవరి నెత్తిన పడుతుందో 2025లో అమెరికా చూపించింది. భారత సరుకులపై ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం అమలులోకి వచ్చింది. రష్యా చమురు కొనడం రెండో విడతకు చూపిన కారణం. చమురుతో చీమకుర్తి గ్రానైటుకు గాని, మార్కాపురం పలకకు గాని ఏమి సంబంధమని అడిగి లాభం లేదు. చెక్కిన రాయి కూడా ఆ సుంకం కిందికే వచ్చింది.

చట్టప్రకారం సుంకం చెల్లించవలసింది అక్కడి దిగుమతిదారు. కానీ బేరంలో బలం అతనిదైతే భారం ఇటు జారుతుంది. ధరలో కొంత తగ్గించండి, సుంకంలో సగం మీరు భరించండి అని కొనుగోలుదారు అడగడం, ఆర్డరు పోతుందన్న భయంతో ఇక్కడివారు తలూపడం ఇలాంటి సమయాల్లో మామూలే. ఆ తరువాత జరిగినదే అసలు విషయం. ఈ సుంకాలు చెల్లవంటూ అమెరికాలోని దిగుమతిదారులు కోర్టుకెక్కారు. 2025 మే 28న న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం సుంకాలు విధించే అధికారం అధ్యక్షునికి ఇవ్వదని 2026 ఫిబ్రవరి 20న అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టవిరుద్ధంగా వసూలైన సుంకాన్ని తిరిగి కోరే హక్కు కస్టమ్స్ పత్రాల్లో దిగుమతిదారుగా పేరున్నవారిదే. భారం పంచుకుని ధర తగ్గించిన భారతీయ ఎగుమతిదారు పేరు ఆ పత్రాల్లో ఉండదు. అతనికి వాటా రావాలంటే ఒకటే దారి. ధర తగ్గించిన నాడే, సుంకం వాపసు వస్తే తగ్గించిన మేరకు మాకు చెల్లించాలన్న షరతు రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఒక్క వాక్యం రాయించుకున్నవారు ఎందరు? తగ్గింపు ఫోను సంభాషణలో, వాట్సాప్ సందేశంలో ముగిసిపోయిన చోట వాపసు మాట ఎత్తడానికి ఆధారం దొరకదు. సుంకాలు వస్తాయి, పోతాయి. వాటి మధ్య ఎవరు నష్టపోయారన్నది నిర్ణయించేది ఒప్పందంలోని భాష.

రాయికి పరీక్ష

పైకప్పు పలకల విపణిలో పైచేయి స్పెయిన్‌ది. ఆ దేశపు వాయవ్య ప్రాంతమైన గలీసియా గనుల పలకే ఐరోపా ఇళ్ల మీద అధికంగా కనిపిస్తుంది. బ్రెజిల్, చైనా కూడా పోటీలో ఉన్నాయి. వీరందరికీ సమానంగా వర్తించే కొలబద్ద ఈఎన్ 12326 అనే ఐరోపా ప్రమాణం. పైకప్పుకు, బయటి గోడకు వాడే పలకను ఈ ప్రమాణం ప్రకారం పరీక్షించి, పనితీరు ప్రకటన జారీ చేసి, సీఈ గుర్తు వేస్తేనే అక్కడి మార్కెట్లో అమ్మాలి. 2013 జులై 1 నుంచి ఇది తప్పనిసరి. నేల పలకలకు వేరే ప్రమాణాలు ఉన్నాయి. అమెరికాలో పైకప్పు పలకను ఏఎస్టీఎం సీ406 ప్రమాణంతో తూస్తారు.

పరీక్షలో ఏమి చూస్తారు? పలక ఎంత నీరు పీలుస్తుంది, వంచితే ఎంత బరువుకు విరుగుతుంది, అందులో కార్బనేట్ ఎంత ఉంది, గంధక వాయువు సోకితే పొర లేస్తుందా అన్నవి ముఖ్యాంశాలు. నీటి శోషణ 0.6 శాతం లోపు ఉంటే మేలైన తరగతి. వీటిలో మన రాయికే కాక ఏ రాయికైనా ప్రమాదకరమైనది పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం పలకలో చిన్న చిన్న మెరుపు చుక్కలుగా ఉంటుంది. క్వారీలో చూస్తే అందంగానే కనిపిస్తుంది. లండన్ వానలో రెండు మూడేళ్లు తడిసిన తరువాత తుప్పు కారి గోడ మీద చారలు కడుతుంది. ముదిరితే పలకకు రంధ్రమే పడుతుంది. అందుకే పలకను పదే పదే నీటిలో నానబెట్టి, కొలిమిలో ఆరబెట్టి చూసి టీ1, టీ2, టీ3 అని మూడు తరగతులుగా విభజిస్తారు. టీ3 వచ్చిన పలకకు తుప్పు లోపలి దాకా దిగే ప్రమాదం ఉన్నట్లు లెక్క. దానిని పైకప్పుకు కొనేవారు అరుదు.

పరీక్ష లేకుండా పంపిన సరుకులో తుప్పు చార కనిపిస్తే నష్టం ఎవరిది? మన 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 17వ సెక్షన్ నమూనా చూపి అమ్మే సరుకు గురించి స్పష్టంగా చెబుతోంది. మొత్తం సరుకు నమూనా నాణ్యతతో సరిపోవాలి. పోల్చి చూసుకునే అవకాశం కొనుగోలుదారుకు ఉండాలి. నమూనాను మామూలుగా పరిశీలిస్తే బయటపడని దాగిన లోపం కూడా సరుకులో ఉండరాదు. ఈ మూడో షరతే పలకల వ్యాపారికి గండం. ఇంగ్లండు చట్టం నుంచి తెచ్చుకున్న సూత్రమే కనుక బ్రిటన్ కొనుగోలుదారుతో వ్యాజ్యం ఏ దేశపు చట్టం ప్రకారం నడిచినా ఇంచుమించు ఇదే తేలుతుంది. పైరైట్ విషయం ముందే పరీక్షించి, ఫలానా తరగతి పలక అని బిల్లులో రాసి అమ్మినవారికి రక్షణ ఉంది. ప్రథమశ్రేణి సరుకు అని గాలిలో మాట రాసినవారికి లేదు.

కొనుగోలుదారుకూ హద్దులున్నాయి. అదే చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం సమంజసమైన గడువులోపు తిరస్కరిస్తున్నట్లు తెలపకుండా సరుకు ఉంచుకుంటే అంగీకరించినట్లే లెక్క. ఆ గడువు ఎన్ని రోజులో ఒప్పందంలో రాసుకుంటే వాదనకు తావుండదు. కంటైనర్ చేరిన ఆరు నెలలకు, మార్కెట్లో ధర పడిపోయిన తరువాత, రంగు తేడా ఉందంటూ ఫొటోలు పంపి తగ్గింపు కోరే ధోరణికి అదొక్కటే కళ్లెం.

ఇంతటి పరీక్షకు కావలసిన పరికరాలు కోట్ల వ్యవహారం కాదు. నీటి తొట్టి, ఓవెన్, వంపు బలం కొలిచే యంత్రం, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు సాంకేతిక సిబ్బంది, గుర్తింపు ధ్రువపత్రం ఉంటే ప్రాథమిక పరీక్షలన్నీ ఇక్కడే చేయవచ్చు. మిర్చి రైతుకు గుంటూరు యార్డు ఉంది. పొదిలి, కనిగిరి వైపు పొగాకు రైతుకు వేలం కేంద్రాలు ఉన్నాయి, 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. వాటి పనితీరుపై ఎన్ని ఫిర్యాదులున్నా అడగడానికి ఒక గుమ్మం ఉంది. పలక ఎగుమతిదారుకు కేపెక్సిల్ అనే దేశవ్యాప్త ఎగుమతి ప్రోత్సాహక మండలి ఉంది గాని, అది ఎన్నో రకాల సరుకుల మధ్య పలకను కూడా చూసే సంస్థ.

డబ్బు చేతికి వచ్చేదాకా

పలకల వ్యాపారంలో అసలైన భయం సరుకు పోయి డబ్బు రాకపోవడం. ఎఫ్‌ఓబీ చెన్నై అని ధర నిర్ణయించుకుంటే సరుకు ఓడ ఎక్కిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుది. కంటైనర్‌ను రేవులో అప్పగించి రావడమే తప్ప ఓడ ఎక్కేదాకా దాని మీద మనకు అదుపు ఉండదు కనుక, కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ షరతే మేలని ఆ నిబంధనలు రూపొందించిన అంతర్జాతీయ వాణిజ్య మండలి స్వయంగా సూచిస్తుంది. ఇంత చెప్పినా ఎఫ్‌ఓబీ అలవాటు పోవడం లేదు.

చెల్లింపులో మూడు నాలుగు పద్ధతులు ఉన్నాయి. ముందే కొంత సొమ్ము పంపడం ఒకటి. లెటర్ ఆఫ్ క్రెడిట్ మరొకటి. పత్రాలు అంగీకరించి 60 లేక 90 రోజులకు చెల్లించే డీఏ పద్ధతి ఇంకొకటి. కొనుగోలుదారుకు ఇష్టమైనది డీఏ. అమ్మకందారుకు నిద్ర పట్టనివ్వనిదీ అదే. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే బ్యాంకు పూచీ ఉంటుంది. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. 2007 జులై 1 నుంచి అమలులో ఉన్న యూసీపీ 600 నియమావళి ప్రకారం బ్యాంకులు పత్రాలతోనే వ్యవహరిస్తాయి, సరుకుతో వాటికి పని లేదు. పలక ఎంత మేలైనదైనా బిల్ ఆఫ్ లేడింగ్‌లో తేదీ ఒక రోజు దాటినా, ఇన్వాయిస్‌లో సరుకు వర్ణన లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోని వర్ణనతో సరిపోకపోయినా బ్యాంకు చెల్లింపు నిరాకరించవచ్చు. రాయిలో పగులు కంటే కాగితంలో పగులు ఖరీదైనదని ఇలాంటప్పుడే తెలిసివస్తుంది.

ఎగుమతి సొమ్ము దేశానికి చేరవలసిన గడువును రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. అమెరికా సుంకాల దెబ్బ తగిలిన ఎగుమతిదారులకు ఊరటగా ఈ నిర్ణయం వచ్చింది. ఊరట నిజమే. అయితే పదిహేను నెలల గడువు మీకు ఉంది కదా, తొందరేమిటి అని విదేశీ కొనుగోలుదారు అనే అవకాశమూ దీనితోనే వచ్చింది. ఈసీజీసీ బీమా 1957 నుంచీ దేశంలో ఉంది. కొనుగోలుదారు దివాలా తీసినా, చెల్లించకుండా ఎగవేసినా నష్టంలో అధిక భాగాన్ని ఆ సంస్థ భరిస్తుంది. కొత్త కొనుగోలుదారుకు అప్పు మీద సరుకు పంపేవారు ఈ బీమా లేకుండా పంపడం దుస్సాహసమే.

కోర్టుకు వెళితే? అంతర్జాతీయ సరుకుల విక్రయంపై 1980లో వియన్నాలో కుదిరిన ఒడంబడికలో భారత్ చేరలేదు. బ్రిటన్ కూడా చేరలేదు. కనుక ఏ దేశపు చట్టం వర్తిస్తుందో ఒప్పందంలో రాసుకోకపోతే తొలి ఏడాది ఆ వాదనకే సరిపోతుంది. ఒంగోలు కోర్టులో డిక్రీ తెచ్చుకుని దానిని అమెరికాలో అమలు చేయించడం అంత సులువు కాదు. ఆ దేశంతో మనకు పరస్పర డిక్రీ అమలు ఏర్పాటు లేదు. ఇందుకు భిన్నంగా ఆర్బిట్రేషన్ అవార్డుకు 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక కింద 170కి పైగా దేశాల్లో గౌరవం ఉంది. హైదరాబాద్‌లో 2021 డిసెంబరు 18న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది. లండన్‌కో సింగపూర్‌కో వెళ్లే స్తోమత లేని వ్యాపారి వివాద పరిష్కార వేదికగా హైదరాబాద్ పేరు, ఒక్కరే ఆర్బిట్రేటర్, పత్రాల ఆధారంగానే విచారణ అని మూడు ముక్కలు ఒప్పందంలో చేర్చుకోవచ్చు. ఒకటి రెండు కంటైనర్ల బాకీకి ఆ ఖర్చు కూడా ఎక్కువేనన్నది నిజం. అంత చిన్న మొత్తాలకు ముందస్తు సొమ్మును మించిన న్యాయస్థానం లేదు.

ఇంటి బాకీ

విదేశీ కొనుగోలుదారు సంగతి ఇలా ఉంటే, స్వదేశంలోని బాకీ మరో కథ. సొంతంగా ఎగుమతి చేసే శక్తి లేని చిన్న యూనిట్లు మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు సరుకు ఇస్తాయి. అవతలి నుంచి డబ్బు వచ్చాకే మీకిస్తామన్నది పెద్ద వ్యాపారి చెప్పే మాట. చట్టం దీనిని ఒప్పుకోదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు బాకీ 45 రోజుల్లో తీర్చాలి. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు మించరాదు. మించితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం సొమ్ము జమ కట్టాలి. గడువు దాటి చెల్లించిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపరాదన్న ఆదాయపు పన్ను నిబంధన కూడా 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇంత పదునైన ఆయుధం ఉన్నా వాడేవారు తక్కువే. కారణం ఊహించడం కష్టం కాదు. కౌన్సిల్‌కు వెళితే రేపటి ఆర్డరు రాదన్న బెదురు. దానికి తోడు ఉద్యం నమోదు లేకపోవడం, బిల్లు లేకుండా సరుకు ఇవ్వడం. నమోదు సరఫరాకు ముందే ఉండాలని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ అంశాన్ని 2025 జనవరిలో విస్తృత ధర్మాసనానికి నివేదించారు. తుది మాట ఏదైనా ముందే నమోదు చేసుకున్నవారికి భయం లేదు. నమోదుకు రుసుము కూడా లేదు.

బిల్లు విషయంలో చాలామంది గమనించని అంశం ఒకటుంది. మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు అమ్మే సరుకుపై 2017 అక్టోబరులో వచ్చిన నోటిఫికేషన్ కింద జీఎస్టీ 0.1 శాతమే చెల్లించే వెసులుబాటు ఉంది. అందుకు షరతుగా 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి. అంతేకాక సరఫరా చేసిన సంస్థ జీఎస్టీ సంఖ్య, దాని బిల్లు సంఖ్య ఎగుమతిదారు షిప్పింగ్ బిల్లులో ఉండాలి. అంటే తర్లుపాడు రోడ్డులోని చిన్న యూనిట్ పేరు చెన్నై కస్టమ్స్ పత్రంలోకి ఎక్కుతుందన్నమాట. సరుకు అందలేదనో, నాణ్యత లేక వెళ్లలేదనో బుకాయించడానికి ఆ తరువాత వీలుండదు. పన్ను మిగుల్చుకోవాలని బిల్లు లేకుండా ఇచ్చినవారు ఈ సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

ధూళి మాట

మూడో పత్రం ఇష్టంలేనిదైనా మాట్లాడక తప్పదు. 1987 జాతీయ బాల కార్మిక విధానం కింద దేశంలో మొదట చేపట్టిన తొమ్మిది ప్రాజెక్టుల్లో మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మందసౌర్ పలకల సరసన మన ఊరి పేరు చేరింది. బలపాల తయారీని పిల్లలు చేయరాని పనుల జాబితాలో చేర్చారు. అప్పటి పరిస్థితి ఇప్పుడు లేదని పరిశ్రమ వర్గాలు చెప్పవచ్చు. కానీ విదేశీ కొనుగోలుదారు సంస్థ మార్కాపురం అన్న పేరును వెదికితే నేటికీ ఎదురయ్యేది ఆ పాత ప్రస్తావనే.

పలక కోసినపుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరచి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. మందసౌర్ బలపాల కార్మికుల గాథ దేశమంతటికీ తెలిసినదే. నీరు చల్లుతూ కోయడం, ధూళి పీల్చే యంత్రం అమర్చడం మాత్రమే నివారణ. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో సిలికోసిస్ తప్పనిసరిగా తెలియపరచవలసిన వ్యాధి. రాజస్థాన్ 2019లోనే రాతి ధూళి రోగులకు ప్రత్యేక విధానం తెచ్చి సాయం అందిస్తోంది. ప్రమాదకర పనుల్లో క్షయ అని రాసి మందులిచ్చి పంపే చోట సిలికోసిస్ లెక్కలోకే రాదు, పరిహారమూ రాదు.

ఇది ఇప్పుడు దయాదాక్షిణ్యాల పరిధి దాటి వ్యాపార షరతుగా మారింది. సరఫరా గొలుసులో కార్మిక హక్కుల ఉల్లంఘనను పెద్ద సంస్థలు కనిపెట్టాలన్న చట్టం జర్మనీలో 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును ఐరోపా మార్కెట్లో నిషేధించే నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది. అడ్వాన్సు ఇచ్చి కూలీని కట్టిపడేసే పద్ధతి ఎక్కడున్నా ఆ నిబంధన కిందికి వచ్చే ప్రమాదం ఉంది. హాజరు పట్టీ, బ్యాంకు ద్వారా కూలి, వయసు ధ్రువపత్రం, ఏటా ఛాతీ ఎక్స్‌రే. ఇవేవీ ఎగుమతి శాఖ అడిగే పత్రాలు కావు. రేపు కొనుగోలుదారు మొదట అడిగేవి ఇవే.

మార్కాపురం కేంద్రంగా 2025 చివరలో కొత్త జిల్లా రూపుదిద్దుకుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం, గనుల శాఖ, కార్మిక శాఖ కార్యాలయాలు ఇక ఇక్కడే ఉండాలి. పలకల పరీక్షా కేంద్రం, దానికి ఆనుకుని ఒప్పంద పత్రాలు సరిచూసి పెట్టే చిన్న విభాగం ఏర్పాటు చేయడానికి ఇంతకు మించిన అదను లేదు. గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు మిర్చి, పత్తి వ్యాపారులకు కూడా ఆ విభాగం పనికివస్తుంది. పురుగుమందుల అవశేషాల మీద తిరిగి వచ్చే మిర్చి కంటైనర్ వివాదం, తుప్పు చార మీద తిరిగి వచ్చే పలక కంటైనర్ వివాదం చట్టం దృష్టిలో అన్నదమ్ములే.

ప్రభుత్వం కదిలేలోపు ప్రతి యూనిట్ చేసుకోగల పని ఒకటుంది. ఆర్డరు ఖాయమైన రోజున ఒకే రాతి నుంచి రెండు నమూనా పలకలు కోయాలి. రెండింటి వెనుక ఇరుపక్షాల సంతకం, తేదీ, క్వారీ గుర్తు వేసి సీలు చేయాలి. ఒకటి కొనుగోలుదారుకు పంపాలి. రెండోది బాకీ పూర్తిగా వసూలై, ఫిర్యాదు గడువు ముగిసేదాకా మార్కాపురంలోనే బీరువాలో ఉండాలి.